వెనకింటి మాఫీ

ఖతార్‌లో ఉన్నన్నాళ్ళూ నా దగ్గర ఇళ్ళకు కొదవ ఉండేది కాదు. తాళాల బరువుకి ప్యాంటు జేబు ఎప్పుడూ ఒక పక్కకి లాగుతూ ఉండేది. మెసైమీర్‌లో విల్లాలు, అల్ రయ్యాన్‌లో ఫ్లాట్లు, అల్ ఖోర్‌లో గ్యాస్ కంపెనీ వాళ్ళకిచ్చిన వరస ఇళ్ళు, అన్నీ ఒక ఖతారీ పెద్దాయనవి. ఆయనకవి పెట్టుబడి, నాకవి డ్యూటీ. ఎవరు దిగుతున్నారు, ఎవరు ఖాళీ చేస్తున్నారు, ఎవరి ఏసీ కారుతోంది, ఎవరి ట్యాంకులో నీళ్ళయిపోయాయి, ఇదే నా బతుకు. కామర్స్ డిగ్రీ పట్టా పుచ్చుకుని కాకినాడ నుంచి ఇంత దూరం వచ్చింది పరాయివాళ్ళ బాత్రూముల్లో కుళాయిలు తిప్పి చూడ్డానికా అని మొదట్లో నా మీద నాకే నవ్వొచ్చేది.

గల్ఫ్‌లో బ్యాచిలర్ అంటే పెళ్ళికానివాడు కాదు, పెళ్ళాం పిల్లలు పక్కన లేనివాడు. మనవలున్న తాత కూడా అక్కడ బ్యాచిలరే. ఫ్యామిలీలుండే విల్లాల గేట్లకి 'బ్యాచిలర్లకు ఇవ్వబడదు' అని అరబ్బీలో, ఇంగ్లీషులో రాయించిన బోర్డులు నేనే దగ్గరుండి కొట్టించాను. కొట్టించిన రోజుల్లో నేనూ బ్యాచిలర్నే. ఆఫీసు వెనక గదిలో మరికొందరితో కలిసి పడుకుని, పొద్దున్నే లేచి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చినవాళ్ళకి పెద్దపెద్ద హాళ్ళు చూపించేవాణ్ణి. "వెలుతురు బాగుంటుందండీ, మేడమ్‌కి నచ్చుతుంది" అని చెప్పేవాణ్ణి. నా మేడమ్ మాత్రం హైదరాబాదులో వాళ్ళన్నయ్య ఇంట్లో, మా అమ్మాయితో ఒక గదిలో సర్దుకుని ఉండేది.

యజమానిని అక్కడ అర్బాబ్ అంటాం. మా పెద్ద అర్బాబ్ ఒకరోజు ఏదో అద్దె విషయం మాట్లాడుతూ మధ్యలో ఆపి, "నీకు పిల్లలున్నారా?" అని అడిగాడు. ఒక ఆడపిల్ల అన్నాను. ఎంతుంటుంది అన్నాడు. నేను చెయ్యి ఎత్తి చూపించబోయి, ఎంత ఎత్తులో ఆపాలో తెలియక దింపేశాను. ఆయన సొరుగులోంచి ఒక తాళంచెవి తీసి బల్ల మీద నావైపు తోశాడు.

అది మెసైమీర్‌లో ఒక విల్లా వెనక, అదే ప్రహరీ లోపల, ఎప్పుడో డ్రైవరు కోసం కట్టిన చిన్న ఇల్లు. అలాంటిదాన్ని అక్కడ ముల్హక్ అంటారు. మేము వెనకిల్లు అనుకునేవాళ్ళం. రెండు గదులు, ఒక వంటిల్లు. అద్దె నా జీతంలోంచి పట్టుకునేవారు, అదీ బయటి అద్దెలో సగమే. అద్దె కంటే ముఖ్యమైనది ఏటేటా నా పేరు మీద రాసిచ్చే ఇంటి కాంట్రాక్ట్. అది చూపిస్తేనే భార్యకీ బిడ్డకీ వీసా. కాంట్రాక్ట్ ఉంటే నేను ఫ్యామిలీ, లేకపోతే మళ్ళీ బ్యాచిలర్ని. ఈ సంగతి నాకు తెలిసినంత బాగా ఖతార్‌లో ఇంకెవరికీ తెలిసి ఉండదు, ఎందుకంటే నలుగురికీ ఆ కాంట్రాక్టులు రాసిచ్చేది నేనే.

వాళ్ళొచ్చారు. మా ఆవిడ ఆ ఇంట్లోకి అడుగుపెట్టి గోడలన్నీ తడిమి చూసింది. "ఏవండీ, ఇది మొత్తం మనదేనా? విల్లా వాళ్ళు మధ్యలో వచ్చి పోరు కదా?" అంది. నేనేదో పెద్ద జమీందారులా, "ఎవరూ రారు, నీ ఇష్టం వచ్చినట్టు ఉండు" అన్నాను. మా అమ్మాయి నన్ను కొంతకాలం 'అంకుల్' అనబోయి నాలుక కరుచుకునేది. తర్వాత అదీ పోయింది. సాయంత్రం నా జేబులో తాళాల చప్పుడు వినబడగానే గేటు దాకా పరిగెత్తుకొచ్చేది. నా జీవితంలో నేను సుఖంగా ఉన్న రోజులేవంటే అవే, వాటి తర్వాత లేవు.

పెద్ద అర్బాబ్‌కి ఒక ఆనవాయితీ ఉండేది. ప్రతి రంజాన్‌లోనూ తన అద్దె ఇళ్ళలో ఎవరో ఒకరికి, కష్టంలో ఉన్నవాళ్ళని చూసి, అద్దె వదిలేసేవాడు. ఆ కబురు మోసుకెళ్ళేది నేనే. ఇంటికొచ్చి మా ఆవిడతో "ఈసారి రయ్యాన్‌లో ఆ నర్సమ్మ వాళ్ళకి అద్దె మాఫీ చేశాడు పెద్దాయన" అని చెప్పేవాణ్ణి. ఆమె చెంపలకి చేతులు ఆనించుకుని, "మనకెప్పుడు చేస్తాడో!" అని నవ్వేది. మేమిద్దరం ఆ మాటనే వాడేవాళ్ళం. తెలుగులో మాఫీ అంటే అదేగా. హైదరాబాదులో పుట్టి పెరిగిన మా ఆవిడకి ఉర్దూలోనూ అదే అర్థం.

గల్ఫ్‌లో మాత్రం ఆ మాట వేరు. విమానం దిగిన రోజే నేర్చుకుంటాం. మాఫీ అంటే లేదు. పానీ మాఫీ, ఫులూస్ మాఫీ, లీవ్ మాఫీ, అంటే నీళ్ళు లేవు, డబ్బుల్లేవు, సెలవు లేదు. క్యాంపుల్లో, ఆఫీసుల్లో, కొట్లలో రోజంతా అదే మోత. బయట తిరిగే మగవాళ్ళకి అది ఊపిరంత అలవాటు. మా ఆవిడ బయట తిరిగేది ఎక్కడ? కూరలకి శుక్రవారం నేను తీసుకెళ్తేనే. ఆమె మాట్లాడే మనుషులు నేనూ పిల్లా, మరో రెండు మూడు తెలుగు కుటుంబాలు. నేను ఇంట్లోకి రాగానే ఆ గల్ఫ్ భాషని చెప్పులతో పాటు గుమ్మం దగ్గరే వదిలేసేవాణ్ణి. ఇంట్లోనైనా మనిషిలా మాట్లాడుకుందామని.

పెద్దాయన పోయాడు. ఆస్తులు చూసుకోవడానికి పెద్దకొడుకు వచ్చాడు, మాకు చిన్న అర్బాబ్. చదువుకున్నవాడు, మర్యాదస్తుడు. తండ్రిలా తీరిగ్గా కూర్చుని కబుర్లు చెప్పే ఓపిక లేదంతే. గ్యాస్ పనులు ఊపందుకుంటున్నాయి, అల్ ఖోర్ దారిలో ఎటు చూసినా కొత్త క్యాంపులు లేస్తున్నాయి. కంపెనీలు ఇళ్ళు విడివిడిగా కాదు, వీధికి వీధి మొత్తం అడుగుతున్నాయి. పాత విల్లాలు పట్టుకుని కూర్చుంటే లాభం లేదు, పడగొట్టి వరస ఇళ్ళు కట్టాలి అని అతను అంటుండేవాడు. నేను తలాడించేవాణ్ణి. లెక్క ప్రకారం అతను అన్నది నిజమే.

ఆ ఏడు రంజాన్ చలికాలంలో వచ్చింది, పెద్దాయన లేని మొదటి రంజాన్. నేను అల్ ఖోర్‌లో కంపెనీ వాళ్ళకి ఇళ్ళు అప్పజెప్పే పని మీద కొన్ని రోజులు అక్కడే ఉండిపోయాను. తిరిగొచ్చేసరికి మా ఆవిడ గుమ్మంలోనే ఎదురొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"ఏవండీ, చిన్న అర్బాబ్ ఫోన్ చేశారు. మీరు లేరంటే నాతోనే చెప్పారు. ఈ ఏడాది మన ఇంటికి అద్దె మాఫీ చేశారండీ!"

"ఏమన్నాడు?"

"హిందీలోనే చెప్పారు పాపం, వచ్చీరానట్టు. కాంట్రాక్ట్ మాఫీ అన్నారు. నేను శుక్రియా అన్నాను, రెండుసార్లు అన్నాను."

తండ్రి ఆనవాయితీ కొడుకు నిలబెట్టాడని నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళూ అందరికీ మోసుకెళ్ళిన కబురు మా ఇంటికి వచ్చింది. ఆ మాట నేరుగా నా చెవిన పడి ఉంటే క్షణంలో తెలిసిపోయేది. మా ఆవిడ దాన్ని తెలుగులోకి మార్చి, ఒక 'చేశారు' తగిలించి, సంతోషం కలిపి ఇచ్చింది. ఇక అందులో అనుమానించడానికి ఏముంది?

పండగ రోజు అందరితో పాటు నేనూ అతని మజ్లిస్‌కి, అదే వాళ్ళు అతిథుల్ని కూర్చోబెట్టే హాలుకి, ఈద్ ముబారక్ చెప్పడానికి వెళ్ళాను. జనం ఎక్కువగా ఉన్నారు. చెయ్యి పట్టుకుని, "కాంట్రాక్ట్ సంగతి ఇంట్లో చెప్పారట అర్బాబ్. మీ మేలు మర్చిపోను. షుక్రన్" అన్నాను. అతను ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు. తర్వాత భుజం తట్టి, "మాఫీ ముష్కిల్, మాఫీ ముష్కిల్. నువ్వు మంచి మనిషివి" అన్నాడు. ఏం ఫరవాలేదని. నా వెనక ఇంకొకరు చెయ్యి చాపుతున్నారు, నేను ఖర్జూరాలు తీసుకుని బయటికొచ్చాను. ఇల్లు ఖాళీ చెయ్యమంటే కృతజ్ఞత చెప్పిన మొదటి మనిషిని నేనే అయ్యుంటాను. అతను ఆశ్చర్యపోయాడంటే పోడూ మరి!

వేసవిలో మొదలయ్యే కొత్త కాంట్రాక్ట్ ఏడాదిలో మిగలబోయే డబ్బుతో ఏం చెయ్యాలో మా ఆవిడకి వెంటనే తెలుసు. వంటింట్లో గట్టు లేదు. పాత బల్ల మీద గ్యాస్ పొయ్యి పెట్టి, కింద కూర్చుని కూరలు తరిగేది. నల్లరాయితో గట్టు వేయించమంది. మా దగ్గర రిపేర్లన్నీ చూసే మేస్త్రీ నిజామాబాద్ వైపు మనిషి. శుక్రవారాలు వచ్చి, ఏదో విల్లాలో మిగిలిన రాయి తెచ్చి, శ్రద్ధగా పరిచి ఇచ్చాడు. "అమ్మా, గీ బండ మీద ఏనుగు నిలవడ్డా కదలదు సూడు" అన్నాడు. మా అమ్మాయి ఏనుగు ఎక్కడుంది మావయ్యా అని అడిగి నవ్వించింది. మా ఆవిడ ఆ సాయంత్రం గట్టు మీద చెయ్యి ఆనించి ఊరికే నిలబడింది. నిలబడి వండుకోవడం ఇంత హాయా అంది. పిల్లకి పై క్లాసు ఫీజు కూడా కట్టేశాం.

ఇంకొకటి జరిగింది. రయ్యాన్‌లో మా ఫ్లాట్ ఒకటి ఖాళీ అయింది. చిన్నదే, పైగా మూల మీదది, కంపెనీ వాళ్ళకి పెద్దగా పనికిరాదు. అర్బాబ్ నన్ను పిలిచి, "ఇది ఎవరికిద్దాం? నీకేమైనా కావాలా?" అన్నాడు. ఎవరైనా స్నేహితులుంటే ఇప్పించుకుంటావా అని అడుగుతున్నాడనుకున్నాను. "నాకెందుకు అర్బాబ్, కంపెనీకే ఇచ్చేద్దాం, వాళ్ళయితే ఏడాదిది ఒకేసారి కడతారు" అన్నాను. మంచి సలహా ఇచ్చాననుకున్నాను. నా చేత్తోనే కాంట్రాక్ట్ రాశాను, నా చేత్తోనే తాళాలిచ్చాను.

ఎండలు ముదిరాక ఒకరోజు మేస్త్రీ ఆఫీసుకొచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు.

"సార్, గా మెసైమీర్ విల్లాకు ఇంజినీరు వచ్చిండు. ఇల్లంత కొలిసిండు. ఎనుకకు వోయి మీ ఇల్లు గూడ కొలిసిండు. అమ్మ చాయ్ గూడ పోసింది ఆయనకు."

"కొలవనీ. మా ఇంటికేదో రిపేరు అయ్యుంటుంది."

"రిపేరు గాదు సార్. మొత్తం పడగొడ్తరట. మీకు తెల్వదా?"

విల్లా పడగొట్టే సంగతి నాకు తెలుసు. అందులో ఉండేవాళ్ళకి నోటీసు ఇచ్చిందీ నేనే. వెనకిల్లు ప్రహరీ మూలకి ఉంది కదా, దాని జోలికి రారనుకున్నాను. ఏడాది మాఫీ చేసిన ఇల్లు ఎవడైనా పడగొడతాడా? లేచి అర్బాబ్ గదిలోకి వెళ్ళాను.

"ఇంజినీరు పొరపాటున మా ఇల్లు కూడా కొలిచాడట అర్బాబ్."

అతను కళ్ళజోడు తీసి నన్ను చూశాడు. "పొరపాటు ఏముంది? నేను చెప్పానుగా. రంజాన్‌లో నీ ఇంటికి ఫోన్ చేసి చెప్పాను. కొత్త సంవత్సరం ముల్హక్ కాంట్రాక్ట్ మాఫీ. నువ్వే వచ్చి షుక్రన్ అన్నావు!"

అతని నోటి నుంచి, అతని యాసలో, ఆ మాట ఇప్పుడు నేరుగా నా చెవిన పడింది. కాంట్రాక్ట్ లేదు. అంతే. అందులో అద్దె లేదు, రంజాన్ లేదు, దయ లేదు.

"రయ్యాన్ ఫ్లాట్ కూడా అడిగాను" అన్నాడతను. నిజంగా అర్థంకానట్టే ఉంది మొహం. "నీ కోసమే అట్టిపెట్టాను. నాకెందుకన్నావు. వేరే ఎక్కడో మంచిది చూసుకున్నావనుకున్నా."

జరిగింది చెప్పాను. వచ్చిన ఇంగ్లీషు, హిందీ, అరబ్బీ అన్నీ కలిపి చెప్పాను. మా భాషలో ఆ మాటకి అర్థం వేరని చెప్పేసరికి అతను మొదట నవ్వాడు, తర్వాత నవ్వు ఆపి నొసలు రుద్దుకున్నాడు. కట్టే కంపెనీతో సంతకాలయిపోయాయి, వేసవి దాటకుండా స్థలం ఖాళీగా అప్పజెప్పాలి అన్నాడు. వేరే ఏదైనా ఖాళీ ఉంటే తీసుకో అన్నాడు. ఖాళీలు లేవని అతని కంటే నాకే బాగా తెలుసు. అన్నీ కంపెనీలకి కట్టబెట్టినవాణ్ణి నేనేగా. బయట అడుగుతున్న అద్దెలు నా జీతం మింగినా సరిపోవు. "ఖలాస్, దేవుడి నిర్ణయం" అని అతను నా చెయ్యి నొక్కాడు. చెడ్డవాడైతే తిట్టుకోవడానికైనా ఉండేది. ఆ ఆసరా కూడా లేకపోయింది.

ఇంటికెళ్ళేసరికి మా ఆవిడ గట్టు దగ్గర నిలబడి దోసకాయ తరుగుతోంది. "ఇవాళ ఇంజినీర్ గారొచ్చారండీ, మనిల్లు కూడా బాగుచేస్తారట" అంది. నేను చెప్పాను. ఎలా చెప్పానో గుర్తులేదు. ఆమె కత్తి పక్కన పెట్టి నన్నే చూసింది.

"మాఫీ అంటే లేదనా?"

"ఇక్కడ అంతే."

"ఎక్కడైనా మాఫీ అంటే మాఫీయే కదండీ. హైదరాబాదులో మా వీధి కొట్టు సాయిబు గారు కూడా అదే అనేవారు కదా. మాఫీ అంటే... మీరు కూడా అనేవారు కదా."

ఇంకా నేను నవ్వేసి 'ఊరికే అన్నాలే' అంటానేమోనని చూస్తోంది. నాకు కోపం ముంచుకొచ్చింది. ఆమె మీద కాదు, అర్బాబ్ మీద కాదు, ఎవరి మీదో తెలియలేదు. జేబులోని తాళాల గుత్తి తీసి గోడకేసి కొట్టాను. మా అమ్మాయి లోపలి గదిలోంచి "నాన్నొచ్చారు!" అంటూ పరిగెత్తుకొచ్చింది. దానికి ఆ చప్పుడు తెలుసు మరి. మా ఆవిడ మెల్లగా కిందకి జారి నేల మీద కూర్చుంది. "శుక్రియా అని రెండుసార్లు అన్నానండీ" అంది, అదే మాట మళ్ళీ మళ్ళీ.

తర్వాత మిగిలిన వారాలన్నీ ఇళ్ళు వెతికాను. దోహాలో ఏ గోడ వెనక ఎన్ని గదులున్నాయో తెలిసిన నాకు ఒక్క గది దొరకలేదు. దొరికినచోట కాంట్రాక్ట్ ఇవ్వనన్నారు, కాంట్రాక్ట్ లేకుండా దొరికి ఏం లాభం? మా ఆవిడ రోజూ సాయంత్రం నా మొహం చూసే తెలుసుకునేది. పిల్లతో హైదరాబాదు వెళ్ళేముందు గట్టు శుభ్రంగా కడిగింది. పడగొట్టేదాన్ని ఎందుకు కడుగుతావంటే, "జిడ్డుగా వదిలి వెళ్ళలేనండీ" అంది. విమానాశ్రయంలో ఒక్కటే కోరింది. మా వాళ్ళకి ఈ మాట సంగతి చెప్పకండి, పిల్ల చదువు కోసం పంపానని చెప్పండి అంది. సరేనన్నాను. మా అమ్మాయి నా జేబు మీద తట్టి, తాళాలు మోగించి, అవతలికి వెళ్ళిపోయింది.

పడగొట్టే రోజు పొద్దున నేను అక్కడ ఉండాలి, అది నా డ్యూటీ. మేస్త్రీ వంటింటి గుమ్మంలో సుత్తి పట్టుకుని నిలబడిపోయాడు.

"సార్, నన్నే కొట్టుమంటున్నరు. అమ్మ బండ గిది. పైలంగ తీసి పక్కకు వెడ్తనా?"

"పెట్టి ఏం చేసుకోను?"

"క్యాంపుల వండుకునే కాడ అక్కరకొస్తది సార్. నేను తీస్కపోత."

తీసుకుపొమ్మన్నాను. ఏనుగు నిలబడ్డా కదలదన్న బండ ఇద్దరు మనుషులు పట్టుకుంటే కదిలింది. ఆ సాయంత్రం నేను మళ్ళీ ఆఫీసు వెనక గదికి వెళ్ళాను. పాత మంచం మీద ఇంకెవరో ఉన్నారు, నాకు కిటికీ లేని మూల దొరికింది. ఫ్యామిలీ విల్లాల గేట్ల మీద నా బోర్డులు అలాగే ఉన్నాయి.

ప్రతి శుక్రవారం టెలిఫోన్ బూత్ దగ్గర వరసలో నిలబడి ఇంటికి ఫోన్ చేసేవాణ్ణి. పిల్ల మాట్లాడాక ఆమె తీసుకునేది. తిన్నారా అనేది, ఒంట్లో ఎలా ఉందనేది, ఆఖర్న గొంతు తగ్గించి, "ఇల్లేమైనా దొరికిందాండీ?" అని అడిగేది. ఇంకా లేదు, చూస్తున్నాను అనేవాణ్ణి. ఆ ఒక్క ప్రశ్న మీదే మా ఇద్దరి ఆశా బతికుంది. ఆమెతో మాట్లాడేటప్పుడు మాత్రం ఆ గల్ఫ్ మాట నా నోట రాకుండా చూసుకునేవాణ్ణి. లేదు అనే అనేవాణ్ణి, ప్రతిసారీ.

ఒక శుక్రవారం చాలా వేడిగా ఉంది. పొద్దుట్నుంచీ పాతిక మందికి ఇళ్ళు లేవని చెప్పి చెప్పి వచ్చాను. వెనక వరసలోవాళ్ళు యల్లా యల్లా, త్వరగా కానీ అని అద్దం కొడుతున్నారు. ఆమె అలవాటుగా అడిగింది, ఇల్లేమైనా దొరికిందాండీ అని.

"మాఫీ" అన్నాను.

నోరు జారిందని వెంటనే తెలిసింది. ఏదో సర్ది చెప్పబోయాను. ఆమె అడ్డుకుంది.

"ఫరవాలేదండీ. ఇప్పుడు నాకు అర్థమవుతుందిగా" అంది.

తర్వాత కూడా ప్రతి శుక్రవారం మాట్లాడుకున్నాం. తిన్నారా అని అడిగేది, ఒంట్లో ఎలా ఉందని అడిగేది. ఇంటి సంగతి మాత్రం ఆమె మళ్ళీ అడగలేదు.